గోతాల్లో దాచిన ఊరి జాకెట్లు

"గుడ్డ సరిపోలేదమ్మా" అనే మాట ఇరవై ఎనిమిదేళ్లలో ఎన్నిసార్లు అన్నానో నాకే తెలియదు. విడవలూరు దాటి సముద్రం వైపు వస్తే తగిలే మా ఊళ్లో నేనొక్కదాన్నే టైలర్ని. ఆడవాళ్లకి జాకెట్లు, పండగలకి మగవాళ్ల చొక్కాలు కుడతాను. తెచ్చిన గుడ్డ ఎంతున్నా సరే, చేతులు రెండంగుళాలు పొట్టిగా కుట్టి ఆ మాట చెప్పేదాన్ని. మిగిలిన ముక్క నా వెనకగదిలోకి పోయేది. ఈ సంగతి ముందే ఎందుకు ఒప్పుకుంటున్నానంటే, పోయిన ఏడు నన్ను చావు గడప దాకా తీసుకుపోయింది ఆ ముక్కలే.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. నేను కోతలు కోస్తాను. గుడ్డలు కోసే చేతికి, కోతలు కోసే నోటికి మా ఊళ్లో ఒకే పేరు, సుగుణక్క. కాబట్టి ఇందులో కోత వచ్చినచోట అది కోత అని నేనే చెబుతాను. తక్కినది నిజం. మా ఆయన దేవదానం మొత్తం చదివి, రెండుచోట్ల కొట్టేసి, "ఇంగ సరే" అన్నాడు.

జూలైలో దగ్గు మొదలైంది. పొడి దగ్గు. పొద్దున లేవగానే పట్టుకునేది, మధ్యాహ్నానికి కాస్త వదిలేది, సాయంత్రానికి సన్నగా జ్వరం తగిలేది. కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లు ఏంటక్కా అని అడిగితే నిజం చెబితే నా పరువేం కాను! "రాత్రి నేను దగ్గితే దేవదానం పనిచేసే గుంటల్లో రొయ్యలన్నీ ఎగిరి గట్టు మీద పడినాయి, దారినపోయేవాళ్లు ఉచితంగా ఏరుకున్నారు" అని చెప్పాను. ఇది కోత. ఆ గుంటల దగ్గర మోటార్లు బాగుచేస్తాడనేది మాత్రం నిజం. అందరూ నవ్వారు. నవ్వుతూ నేనూ దగ్గాను. ఆగస్టు చివరికి మిషను తొక్కుతూ ఒక చెయ్యి కుట్టు పూర్తయ్యేలోగా మూడుసార్లు ఆగాల్సి వచ్చేది. బోరింగు దగ్గర్నుంచి బిందె తెచ్చుకోవడం మానేశాను. అన్నం ముద్ద మింగడానికి, ఊపిరి తీసుకోవడానికి వంతులు వేసుకోవాల్సి వచ్చింది.

ఇక్కడ మా వెనకగది గురించి చెప్పాలి. అందులో గోతాలు. బియ్యపు గోతాల నిండా గుడ్డముక్కలు, నేల నుంచి పైకప్పు దాకా. ఎవరి ముక్క వాళ్లది చుట్టి, పిన్నీసు గుచ్చి, చీటీ మీద పేరు రాసి పెట్టేదాన్ని. ఎప్పుడైనా ఆ జాకెట్ చంకలో చిరిగి వస్తే అదే గుడ్డతో అతుకు వేసి నా పనితనం చూపించొచ్చని. ఇరవై ఎనిమిదేళ్లలో అలా అతుకు వేసింది బహుశా ఆరుసార్లు. ఎప్పటికైనా ఒకరోజు బొంతలు కుడతాననుకునేదాన్ని. ఒకరోజు సండేస్కూలు పిల్లలకి బొమ్మలు కుడతాననుకునేదాన్ని. ఆ ఒకరోజు రాలేదు గానీ, అంతకుముందటి ఏడు తుఫానుకి వాన మాత్రం గోడలోంచి వచ్చింది. అడుగు వరస గోతాలు తడిశాయి. నల్లటి బూజు పట్టింది. ఆ వాసనకి నా ముక్కు అలవాటు పడిపోయింది. నా పరుపు, దిండు కూడా ఆ ముక్కలు కూరినవే. అంటే ప్రతి రాత్రీ ఊరి జాకెట్ల మీదే తల పెట్టుకుని పడుకున్నానన్నమాట.

సెప్టెంబరు అంతా నెల్లూరులో, ఆస్పత్రి బల్లల మీద గడిచింది. టోకెను తీసుకుని కూర్చుంటే ఎదురుగా గోడ మీద గడియారం, పక్కన రకరకాల దగ్గులు. కొన్నాళ్లకి నాకు దగ్గుని బట్టి మనుషులు తెలిసేవాళ్లు. ఒకరోజు నా వంతు ఇంకా చాలా దూరముంది, నేను గోడకి తల ఆనించి చేపలా నోరు తెరుచుకుని ఉన్నాను. పక్కనున్న పెద్దాయన తన చీటీ నా చేతిలో పెట్టాడు.

"ముందు నువ్వు పోమ్మా. నాది పాత దగ్గు, యాడికీ పోదు."

"మీరు పొద్దున్నించి ఉన్నారు కదన్నా."

"ఇంట్లో మాత్రం ఏం పని! ఈడ ఫ్యానన్నా ఉండాది."

ఆయన పేరు అడగలేదు. అడిగే ఊపిరి లేదు. ఆయన ఎక్కడున్నా ఫ్యాను కింద ఉండాలని ఇప్పటికీ ప్రార్థన చేసుకుంటాను.

ముందు టీబీ అనుకున్నారు. కళ్లె పరీక్షలకిచ్చి ఫలితం వచ్చేలోగా ఊళ్లో సంగతి పొక్కింది. కుట్టడానికిచ్చిన గుడ్డలు కుట్టకుండానే వెనక్కి తీసుకున్నారు కొందరు. వాళ్లని తప్పుపట్టను, పిల్లలున్న ఇళ్లు. ఎదురింటి మస్తానమ్మ మాత్రం రోజూ సాయంత్రం వచ్చి, మా అరుగు మీద కూర్చుని, నాతోపాటు టీ తాగేది.

"దూరంగా కూచో మే" అన్నాను.

"కూచుంటే నీ కోతలు వినపడవు. అదేదో నాకూ వస్తే ఇద్దరం కలిసి దగ్గుదాంలే."

టీబీ కాదని తేలింది. అప్పుడు డాక్టరమ్మ నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఇంటి గురించి అడగడం మొదలుపెట్టింది. పావురాలున్నాయా? గోడలు చెమ్మగా ఉంటాయా? పాత దూది, పాత గుడ్డలు, బూజు పట్టినవి ఏమైనా? ఆవిడ అడిగింది నా ఆరోగ్యం గురించి. నాకు వినబడింది మాత్రం నా దొంగతనం గురించి.

"మా ఇల్లు అద్దంలా ఉంటుంది డాక్టరమ్మా" అన్నాను.

దేవదానం పైకి, ఫ్యాను వైపు చూశాడు. పెళ్లయిన రోజు నుంచీ నా కోతలకి ఆయన ఫ్యాను వైపే చూస్తాడు. పెళ్లినాటికి మా ఇంట్లో ఫ్యాను లేదు, అప్పుడు పైకప్పు వైపు చూసేవాడు.

మందులిచ్చారు. తగ్గలేదు. అక్టోబరులో నాయుడుపేటలో మా చెల్లెలు రమ్మంటే పదిరోజులు వెళ్లాను. మూడోరోజుకి జ్వరం పోయింది. ఆరోరోజుకి మెట్లెక్కాను. తొమ్మిదోరోజున వాళ్ల వీధిలో ఆడవాళ్లని పోగేసి, మా ఊరి చేపొకటి వెండి మొలతాడు కట్టుకుని ఒడ్డుకొచ్చిన కథ చెప్పాను, అదీ కోతే. మా చెల్లెలు "నీకు వచ్చింది రోగం కాదు, దేవదానం బావ వంట" అంది. సంతోషంగా ఇంటికొచ్చాను. నాలుగో రోజుకి జ్వరం, దగ్గు, ఆయాసం అన్నీ గుమ్మంలోనే కాచుకుని ఉన్నట్టు మీద పడ్డాయి.

అప్పటికే నాకు అర్థమైంది. చదువు తక్కువే గానీ బుద్ధి తక్కువేం కాదు. ఇల్లే నన్ను చంపుతోంది. అర్థమయ్యాక ఏం చేశానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఏమీ చేయలేదు. వెనకగది తలుపు కింద సందులో పాత చీర కుక్కాను. అంతే.

నవంబరు వానల్లో ఒక మధ్యాహ్నం పెదాలు నీలంగా మారాయట. మస్తానమ్మ చూసి కేక పెట్టింది. ఆటోలో నెల్లూరు దాకా దేవదానం భుజానికి ఆనుకుని వచ్చాను, దారి గుర్తులేదు. గుర్తున్నదల్లా ఒకటే. గాలి చుట్టూ ఎంతో ఉంది, కిటికీలోంచి కొట్టుకొస్తోంది, నాకు మాత్రం అందడం లేదు. ఆక్సిజన్ పెట్టాక కళ్లు తెరిస్తే డాక్టరమ్మ మంచం పక్కన నిలబడి ఉంది. మళ్లీ అదే ప్రశ్న అడిగింది. నేను మాస్కు లోపలి నుంచి "అద్దం..." అనబోయాను.

దేవదానం ఈసారి ఫ్యాను వైపు చూడలేదు.

"అద్దం కాదు డాక్టరమ్మా. వెనకగదిలో ముప్పైయేడు గోతాలుండాయి. గుడ్డముక్కలు. అడుగువి కుళ్లిపోయినాయి. ఈమె పడుకునే పరుపులో కూడా అవే."

ఆయన అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడగా నేను అదివరకు వినలేదు.

డాక్టరమ్మ కేకలేస్తుందనుకున్నాను. కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఆ బూజు మీ ఊపిరితిత్తులకి పడటం లేదు. అది ఇంట్లోంచి పోతే నా మందు పనిచేస్తుంది. పోకపోతే ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి. అప్పుడు నేనేమీ చేయలేను. అవన్నీ అంత విలువైనవా?" అంది.

విలువైనవి కావు. అదే నా బాధ. విలువైనవైతే అమ్మేసేదాన్ని.

ఆమె వెళ్లాక దేవదానం నా పక్కన కూర్చున్నాడు. ఆయనకి అంతకుముందే గిలకకి, అదే హెర్నియాకి, ఆపరేషను అయింది, బరువులు ఎత్తకూడదు. "నేనొక్కణ్ణే మొయ్యలేను. చర్చి ఆడోళ్లని, మస్తానమ్మని పిలస్తా" అన్నాడు.

"నెల్లూరు నుంచి కూలోళ్లని తీసుకుపో."

"మూటలు మన వీధిలోంచే కదా పోవాల. ఊరికి కళ్లు లేవా?"

"చీటీల మీద పేర్లున్నాయయ్యా!"

"ఉండాయిలే. నువ్వే రాసినావు." దుప్పటి నా కాళ్ల మీదికి లాగి, "నువ్వు ఊఁ అంటేనే పిలస్తా. అనకపోతే పిలవను. ఆ గదికి గొళ్లెం పెట్టి, నీ పక్కన్నే కూచుంటా. ఎన్నాళ్లు కూచోగలిగితే అన్నాళ్లు" అన్నాడు.

చేతికి సెలైను ఎక్కుతోంది. సీసాలో నీళ్లు సగానికి దిగేదాకా ఆలోచించాను. రేపు నేను పోతే శవం పక్కన కూర్చుని ఏడ్చేవాళ్లే, పదోరోజున ఆ గోతాలు విప్పుతారు. ఎలాగూ విప్పుతారు. బతికుండగా తిట్లు తినడమా, చచ్చాక తినడమా? బతికుండి తింటే జవాబైనా చెప్పుకోవచ్చు. ఊఁ అన్నాను.

డిసెంబరు మొదటి శనివారం ఎండ బాగా కాసింది. ఆ బూజు దరిదాపుల్లో నేను ఉండకూడదన్నారు గనుక, వీధికి అవతల, మస్తానమ్మ ఇంటి లోపల కిటికీ పక్కన కుర్చీ వేసి, ముక్కుకి మాస్కు కట్టి కూర్చోబెట్టారు. పదముగ్గురు ఆడవాళ్లు మూతులకి తడిగుడ్డలు చుట్టుకుని వచ్చారు. వాళ్లకి చెప్పింది, పాత గుడ్డలు బయటపడేయాలని మాత్రమే. మొదటి ఐదు గోతాలు క్షేమంగా దాటాయి. ఆరోది వీధిలోకి రాగానే అడుగు చినిగింది.

మస్తానమ్మ వంగి ఒక చుట్ట తీసింది. చీటీ చదివింది. కిటికీ వైపు తిరిగింది.

"మే సుగుణా! ఈ ఎర్రపట్టు నా సీమంతం జాకెట్‌ది కదమే! మోచేతుల దాకా కుట్టమంటే గుడ్డ రాలేదంటివే! ఈడ మూరెడుండాది!"

"అది... ఎలుక లాక్కుపోయి ఉంటుంది మే" అన్నాను కిటికీలోంచి.

"ఎలుక మడతపెట్టి, పిన్నీసు గుచ్చి, మస్తానమ్మ అని రాసిందా? అక్షరాలు బో గుండ్రంగా రాసిందే!"

ఇక ఆగలేదు. పదముగ్గురూ గోతాల మీద పడ్డారు. సంతలో ఆడవాళ్లు గాజులు వెతుక్కున్నట్టు వెతుక్కున్నారు. "ఇది నా పెళ్లి చూపులది!" "ఇది మా అత్తది, పొట్టి చేతులని నన్ను తిట్టింది!" "నా కూతురి పావడా, ఇదిగో కుచ్చులు!" వీధి వీధంతా నవ్వు. నేను తల ఎత్తలేదు. ఒకరిద్దరు నవ్వలేదు కూడా. మస్తానమ్మే కిటికీ దగ్గరికి రాకుండా, అరుగు కిందే నిలబడి, "నవ్వొస్తా ఉండాది గానీ మే, కోపం కూడా ఉండాది. ఆ జాకెట్ తొడుక్కున్న ప్రతిసారీ చేతులు కిందికి లాక్కున్నా, ఇన్నేళ్లు" అంది. దానికి నా దగ్గర కోత లేదు.

అప్పుడు వీధి సద్దుమణిగింది. ఎందుకో అని తల ఎత్తి చూశాను.

రాహేలక్క వీధి మధ్యలో నిలబడి ఉంది. ఎండుచేపలు అమ్ముతుంది, నాకంటే నాలుగేళ్లు పెద్దది. చేతిలో నీలం గళ్ల ముక్క. చీటీ మీద 'యేసురత్నం, చొక్కా' అని నా గుండ్రటి అక్షరాలు. యేసురత్నం బావ ఆమె భర్త. ఏడేళ్ల కిందట వేటకి పోయి తిరిగి రాలేదు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. ఆరోజు ఆయన ఒంటి మీద ఉన్నది అంతకుముందు క్రిస్మస్‌కి నేను కుట్టిన నీలం గళ్ల చొక్కా. రెండు జేబులు కావాలన్నాడు. గుడ్డ ఒక్క జేబుకే వచ్చిందని చెప్పాను.

ఆమె దగ్గరికి రాలేదు. ఆ ముక్క నా దగ్గరికి తెస్తే నాకు ప్రమాదమని, అంత దుఃఖంలోనూ గుర్తుపెట్టుకుని దూరంగానే ఆగింది. "ఇదేంది సుగుణా?" అంది, అంతే.

ఆ క్షణంలో నా నోటిలోకి ఒక కథ వచ్చింది. నా జన్మలో అంత అందమైన అబద్ధం నాకు తట్టలేదు. బావ పోయాడని తెలిసిన రోజే నేను ఆ ముక్క తీసి దాచానని, నీకివ్వాలని ఎన్నోసార్లు నీ గుమ్మం దాకా వచ్చి, నువ్వు తట్టుకోలేవని వెనక్కి తిరిగానని, ఇంకా చాలా ఉంది. అందరూ నమ్మేవాళ్లు. వీధంతా నన్ను కావలించుకుని ఏడ్చేది. పన్నెండుమంది తిట్లూ అక్కడే చెల్లిపోయేవి.

మాస్కు కిందికి లాగాను.

"రెండో జేబు గుడ్డ అక్కా. ఉండింది. ఉండి లేదని చెప్పినా."

రాహేలక్క ఆ ముక్క వైపు చూసింది. "ఆ పండగంతా సణిగినాడు మే" అంది. "సెల్లు ఒక దాంట్లో, బీడీలు ఒక దాంట్లో పెట్టుకోవాలని వాడికి శానా ఆశ." ముక్కని మడిచి చేతిలో పట్టుకుని, మిగిలిన గోతాల పని అలాగే వదిలేసి, ఇంటికి వెళ్లిపోయింది.

చీకటి పడేలోగా గది ఖాళీ అయింది. పరుపు, దిండు కూడా పోయాయి. ఎవరికి కావలసిన ముక్క వాళ్లు ఒక్కొక్కటి ఉంచుకున్నారు, వేడినీళ్లలో ఉడకబెడతామని. తక్కినవి పంచాయతీ ట్రాక్టరులో పోయాయి. గోడలకి సున్నం కొట్టారు. వెనక గోడకి కిటికీ పెట్టించాడు దేవదానం. నన్ను మళ్లీ ఇంట్లో అడుగుపెట్టనివ్వడానికి మూడువారాలు పట్టింది. ఆ మూడువారాలూ మస్తానమ్మ ఇంట్లోనే ఉన్నాను. తిట్టిన నోటితోనే గంజి పెట్టింది.

జనవరిలో మందుల వల్ల నా మొహం కుడుములా ఉబ్బింది. "బాగైనావు మే" అన్నారు అందరూ. బాగవుతున్నది లోపల. బోరింగు దాకా నడిచాను. తరవాత చర్చి దాకా. తరవాత కట్ట మీదికెక్కి సముద్రం చూసొచ్చాను. ఊపిరితిత్తుల్లో ఇంకా మచ్చ కొంత మిగిలిందని, అది అలాగే ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది. ఉండనీ. ఇప్పుడు ఇంట్లో మిషను, రెండు కత్తెరలు, టేపు, మంచం, కొత్త పరుపు, వంటసామాను ఉన్నాయి. వెనకగదిలో ఏమీ లేదు. కొన్నిసార్లు ఊరికే వెళ్లి దాని మధ్యలో నిలబడి గట్టిగా ఊపిరి పీల్చుకుంటాను. నాకున్న ఆస్తిలో అన్నిటికంటే విలువైనది ఆ ఖాళీయే.

ఇప్పుడు జాకెట్‌తోపాటు మిగిలిన ముక్క కూడా ఇస్తున్నాను. "ఇంత మిగిలిందేంది, జాకెట్ సరిగ్గా కుట్టినావా?" అని అనుమానంగా చూస్తున్నారు. అది నేను పడాల్సిందే.

చదివేవాళ్లలో ఎవరికైనా వేరే ఊరు వెళ్తే ఊపిరి బాగుండి, ఇంటికొస్తే ఆడకుండా ఉంటే, దయచేసి ఆ మాట డాక్టరుతో చెప్పండి. ఇంట్లో ఏముందో ఉన్నదున్నట్టు చెప్పండి. వాళ్లు పోలీసులు కారు. నేను ఆ రెండు నెలలు దాచినందుకు ఆ మచ్చ నాకు మిగిలింది.

ఇంతకీ అందరూ వచ్చి పలకరిస్తున్నా రాహేలక్క మాత్రం రాలేదు. చర్చిలో కనబడితే తల ఊపేది, అంతే. నేనూ ఆమె గుమ్మం తొక్కలేదు. ఏ మొహంతో తొక్కను?

మార్చిలో ఒక మధ్యాహ్నం మిషను దగ్గరుంటే వచ్చింది. ప్లాస్టిక్ కవరులోంచి ఆ నీలం గళ్ల ముక్క తీసి బల్ల మీద పెట్టింది.

"మూడుసార్లు ఉడకబెట్టినా. మూడు దినాలు ఎండలో వేసినా. నీకేం కాదులే."

"ఏం కుట్టాలక్కా?"

"జేబు."

"దేనికి?"

"దేనికీ కాదు. ఉత్త జేబు."

ఆ ముక్క ఒక పక్కకే వచ్చింది. వెనక పక్కకి నా కొత్త చీర కొంగులోంచి కత్తిరించాను. ఆమె వద్దనలేదు. నేను మిషను తొక్కుతుంటే పక్కన పీట మీద కూర్చుని చూస్తోంది. మూడు పక్కలా కుట్టు వేసి, పైపట్టీ మడిచి, దారం తెంపి ఇచ్చాను. అందులో నాలుగు వేళ్లు పెట్టి, కాసేపు అలాగే ఉంచింది.

"ఆ దినం నాకేదో చెప్పబోయి మింగినావు" అంది. "నీ మొహం నాకు తెలీదా? ఏదో పెద్ద కోతే వచ్చినట్టుండింది."

"వచ్చింది అక్కా."

"ఇప్పుడు చెప్పు."

"అంతా అబద్ధం అక్కా."

"అబద్ధమని తెలుసులేమే. నిజం ఆ దినమే చెప్పినావు కదా, అది నా దగ్గరుండాది. ఇంగ ఇది కూడా ఇయ్యి."

కుర్చీ ఆమె వైపు తిప్పుకున్నాను. బావ పోయాడని తెలిసిన ఆ ఉదయం నుంచి మొదలుపెట్టాను. నేను ముక్క తీసి దాచడం, వానలో ఆమె గుమ్మం దాకా వెళ్లడం, తలుపు కొట్టబోయి ఆగడం, ప్రతి క్రిస్మస్‌కీ మళ్లీ వెళ్లడం, ఒకసారి సముద్రమే ఆ ముక్క కోసం మా గడప దాకా వచ్చి అడిగితే, ఇది రాహేలక్కది, నీకివ్వనని నేను తలుపేయడం, అన్నీ చెప్పాను. ఆమె జేబులో వేళ్లు తీయకుండా, ఒకచోట నవ్వి, ఒకచోట కళ్లు తుడుచుకుని, చివరిదాకా వింది. చాలా పొడుగు కథ. మధ్యలో నేను ఒక్కసారి కూడా దగ్గలేదు.